తేదీ దాటిన తొమ్మిదో రోజు

“నాదే,” అంది గువ్వ.

భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బాకీ మంచినీళ్ళ జగ్గుకీ మధ్య, వెండిరంగు మాత్ర షీటు పడి ఉంది. అరచేతిలో సగం కూడా లేదు. దానికి ఒక్కటే గుంట. ఆ గుంట ఖాళీ.

దాన్ని అక్కడ పెట్టింది గువ్వ నానమ్మ. సోమవారం మనవరాలి ప్రయాణం కదా అని, బీరువా మీద దుమ్ముకొట్టుకుపోతున్న పాత కాలేజీ సంచీ దించి ఉతకబోయింది. లోపలి గుడ్డ చిరుగులో చెయ్యి పెడితే ఇది వేళ్ళకు తగిలింది. ఇంకొకరికైతే తలనొప్పి మాత్ర షీటు అనిపించేదేమో. ఆవిడ ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. వెనకాల ఏం రాసుందో చదవాల్సిన అవసరం ఆవిడకి లేదు.

“ఏమన్నావ్?” అంది పెద్దావిడ.

“నాదే అన్నాను నానమ్మా. సంచీ నాది. అందులో ఉన్నదీ నాదే.”

“ఎవడే వాడు?”

“ఎవడూ లేడు.”

“ఎవడూ లేకుండానే ఆ మాత్ర మింగావా? దేనికి, జలుబు చేసిందా?”

గుమ్మంలో ఒక కాలికి చెప్పు ఉంచుకుని, రెండోది విప్పి, గువ్వ తల్లి అలాగే నిలబడిపోయింది. శనివారం ఒంటిపూట పని. మూడు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణంలో లెన్సులు అరగదీసి ఫ్రేములకు బిగించే పని ఆమెది. అందుకే చుట్టుపక్కలవాళ్ళంతా ఆమెని కళ్ళద్దాలమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడదు.

ఆ షీటు ఆమెది.

‘నాది’ అని చెప్పాల్సిన నోరు ఆమెది. అది తెరుచుకునేలోపే కూతురు నోరు తెరిచింది.

“అమ్మాయ్, విన్నావా?” అత్తగారు ఆమె వైపు తిరిగింది. “ఇరవై ఏళ్ళు నిండి ఇరవై రోజులు కాలేదు. ఏమంటోందో విన్నావా నీ కూతురు?”

కళ్ళద్దాలమ్మ గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. కూతురు ఆమె వైపు చూసి, ఎవరికీ కనపడనంత చిన్నగా తల అడ్డంగా ఊపింది. వద్దు అని.

తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆ క్షణానికి ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది. ఎందుకంటే ఆ క్షణంలో ముందుగా కలిగింది సిగ్గు కాదు, బాధా కాదు. హమ్మయ్య అనిపించింది.

“నేను పాతకాలం దాన్నని, మాత్ర వేసుకున్నందుకు తిడుతున్నానని అనుకుంటున్నావేమో,” అంటోంది అత్తగారు మనవరాలితో. “వేసుకోకపోతే ఏమవుతుందో నీకంటే నాకే బాగా తెలుసు. ఒంటరిగా వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరినీ పిలవద్దని నా చెయ్యి పట్టుకున్న పిల్లల్ని ఎంతమందిని చూశానే! వాళ్ళ పక్క దుప్పట్లు మార్చిన చేతులివి. ఆ మంచం మీద నిన్ను చూడలేను నేను.”

“నాకేం కాలేదు నానమ్మా.”

“కాలేదని నువ్వంటే సరిపోతుందా? ఓడరేవులో క్రేనెక్కి ఆకాశంలో కూర్చుంటావా? నేల మీద నలుగురి మధ్య ఉండగానే ఇలా ఉంది. సోమవారం ప్రయాణం లేదు, ఏమీ లేదు. మీ నాన్నని రానీ.”

ఆవిడ ఫోను తీసి, కొడుకు నంబరు నొక్కి, “ఇంటికి రా. ఫోనులో చెప్పేది కాదు,” అని పెట్టేసింది.

గువ్వ తన గదిలోకి వెళ్ళిపోయింది. కళ్ళద్దాలమ్మ రెండో చెప్పు విప్పింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

*

గదిలో పెట్టె తెరిచి ఉంది. సగం సర్దిన బట్టలు. పైన రేవు నుంచి వచ్చిన ఉత్తరం: ఆరు నెలలు క్రేన్ల మీద శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం. నాలుగు వందల మందిలో పదకొండు మందిని తీసుకున్నారు. ఆ పదకొండులో ఆడపిల్ల ఒక్కతే.

కళ్ళద్దాలమ్మ తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి అడిగింది. “ఎందుకన్నావ్ అలా?”

“నీ మొహం చూశాను.”

“నా మొహంలో ఏముంది?”

“నానమ్మ ఆ షీటు బల్ల మీద పెట్టినప్పుడు నేను దాన్నే చూస్తున్నాను, అదేంటో తెలీక. నానమ్మ నన్ను చూస్తోంది. నువ్వు మాత్రం దాని వైపు చూడకుండా గడియారం చూస్తున్నావ్.” గువ్వ ఒక చొక్కా తీసి, మడతపెట్టిందే మళ్ళీ మడతపెట్టింది. “పోయిన నెల ఒకరోజు నువ్వు పని మానేసి పదింటికే ఇంటికొచ్చావ్, పాలిపోయి. బస్సు పడలేదన్నావ్. మీ దుకాణానికి నడిచే వెళ్తావు కదా, బస్సెందుకెక్కావమ్మా?”

ఆమె మంచం అంచున కూర్చుంది.

“ఎన్ని రోజులు దాటింది?” అంది గువ్వ.

“ఏంటి?”

“అమ్మా!”

“తొమ్మిది.”

ఆ అంకె పైకి అనడం అదే మొదటిసారి. తొమ్మిది రోజులుగా లోపలే అనుకుంటోంది. లెన్సు చక్రానికి ఆనించినప్పుడు, టీ గిన్నె కడిగినప్పుడు, ఎవరో ముసలాయనకి ముక్కు ప్యాడ్లు మారుస్తూ ‘ఇప్పుడు గుచ్చుకుంటోందా అండీ’ అని అడిగినప్పుడు కూడా. గంటకోసారి స్నానాలగదికి వెళ్ళి చూసుకోవడం, ఏమీ లేదని తిరిగి రావడం. దుకాణం యజమానురాలు ‘మూత్రం జబ్బేమో, చూపించుకో’ అని కూడా అంది.

“నాన్నకి చెప్పలేదా?”

“ఏమని చెప్పను?”

ఐదేళ్ళ కిందట కళ్ళద్దాలమ్మకి ఏడో నెలలో బిడ్డ పోయాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన వారానికి ఆమె భర్త నడుం నొప్పి అంటూ హాల్లో చెక్క మంచం మీదికి మారాడు. అప్పట్నుంచీ అక్కడే. మంచిగానే ఉంటాడు. కసరడు, విసుక్కోడు. ఆమె జబ్బుపడితే సెలవు పెట్టి కూర్చుంటాడు. కానీ గది గుమ్మం దాటడు. ‘బిడ్డని నిలబెట్టుకోలేకపోయాను, అందుకే’ అని ఆమె తనంతట తాను తీర్పు చెప్పేసుకుంది. అడిగితే అవునంటాడేమోనని అడగలేదు.

రేవు నుంచి కొరియరులో ఉత్తరం వచ్చిన ఆదివారం మాత్రం వేరు. గువ్వ స్నేహితులతో బయటికెళ్ళింది. అత్తగారు ఉచిత కంటి శిబిరానికి వెళ్ళింది. బయట వాన. లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి, మాట్లాడితే నట్లూ బోల్టులూ తప్ప ఎరగని మనిషి, ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి, వంటింట్లోకి వచ్చి, ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం ఐదేళ్ళ దూరం ఎలా పోయిందో ఇద్దరికీ తెలీలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అతను దిండు చంకలో పెట్టుకుని మళ్ళీ హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆమె మొహం చూడలేదు.

మర్నాడంతా ఆమె ఆలోచించింది. నలభై ఒకటో ఏడు. మళ్ళీ ఆ వార్డు, మళ్ళీ ఆ ఖాళీ చేతులు. రెండో రోజు వీధి చివర మందుల దుకాణం దాకా వెళ్ళి, అక్కడ కూర్చున్న పెద్దమనిషిని చూసి వెనక్కి తిరిగింది. ఆయన కళ్ళజోడు బిగించింది తనే. ఆ అద్దాల్లోంచి ఆయన తనని చూస్తూ ఆ మాత్ర తీసివ్వడం ఆమె ఊహించుకోలేకపోయింది. మూడో రోజు పొద్దున రెండు బస్సులు మారి, తనని ఎవరూ ఎరగని పేటలో ఒక దుకాణం కనిపెట్టింది. అక్కడ కౌంటరులో చిన్న వయసు అమ్మాయి. ఏ వంకరచూపూ లేకుండా చెప్పింది. “మూడు రోజుల్లోపు వేసుకోవాలండీ. ఎంత ముందైతే అంత మంచిది. రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోండి. నెలసరి ఒక వారం అటూ ఇటూ కావొచ్చు. వారం దాటితే మాత్రం పరీక్ష చేసుకోండి.”

అక్కడే నీళ్ళతో మింగింది. తిరుగు బస్సులో వాంతయింది.

ఖాళీ షీటు చెత్తబుట్టలో వేద్దామంటే, చెత్తబుట్టని కూడా ఒకసారి తిరగేసి చూడందే బయట పెట్టని అత్తగారు ఉంది. తర్వాత బయట పారేద్దామని, అప్పటికి బీరువా మీది గువ్వ పాత సంచీ చిరుగులో దోపింది. అంతే, మర్చిపోయింది.

“నేను ఇప్పుడే వెళ్ళి చెప్తాను,” అంది కళ్ళద్దాలమ్మ, లేస్తూ.

గువ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. “కూర్చో. నన్నయితే నాలుగు రోజులు తిడతారు. నానమ్మ అలుగుతుంది, మళ్ళీ తనే వచ్చి తల దువ్వుతుంది. నువ్వైతే అలా కాదు. మీరిద్దరూ ఇప్పటికే మాట్లాడుకోరు. దీనికి ఇది కూడా తోడైతే, నేను లేని ఇంట్లో మీరు ఎలా ఉంటారమ్మా?”

“మరి నీ శిక్షణ?”

“మళ్ళీ ఏడు వెళ్తాను.”

“మళ్ళీ ఏడు ఎవడిస్తాడే నీకు?”

గువ్వ చొక్కా మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

వీధి తలుపు చప్పుడైంది. పనిముట్ల సంచీ నేల మీద పెట్టిన బరువైన చప్పుడు.

*

లిఫ్టు మెకానిక్కు హాలు మధ్యలో నిలబడ్డాడు. మోచేతుల దాకా గ్రీజు. అతని తల్లి బల్ల మీది షీటు చూపించి మూడు ముక్కల్లో చెప్పేసింది. ఎక్కడ దొరికింది, ఏమిటది, ఎవరు ఒప్పుకున్నారు.

అతను కూతుర్ని చూశాడు. “అన్నం తిన్నావా?” అన్నాడు.

“లేదు నాన్నా.”

ఇంకేమీ అడక్కుండా పెరటి పంపు దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో చేతులు రుద్దుకున్నాడు. గ్రీజు పోయాక కూడా రుద్దుకుంటూనే ఉన్నాడు. లోపల ముగ్గురాడవాళ్ళూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చుని ఆ నీళ్ళ చప్పుడు విన్నారు.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, నేల చూపులు చూస్తూ అన్నాడు. “సోమవారం వద్దులే గువ్వా. కొన్నాళ్ళాగు.”

తిట్టి ఉంటే బాగుండేది. అరిచి, గిన్నె విసిరేసి ఉంటే గువ్వ కూడా తిరగబడేది.

“సరే నాన్నా,” అంది.

ఆ ‘సరే’ కళ్ళద్దాలమ్మ గుండెలో ముల్లులా దిగింది.

“అది నాది,” అంది.

అత్తగారే ముందు తేరుకుంది. “పిల్లని వెనకేసుకు రాకమ్మాయ్. తప్పు చేసినప్పుడు…”

“నేను దాన్ని వెనకేసుకు రావట్లేదత్తయ్యా. అదే నన్ను వెనకేసుకొచ్చింది. ఆ మాత్ర నేను కొన్నాను, నేనే వేసుకున్నాను. సంచీలో దాచింది కూడా నేనే. దాని చేత అబద్ధం ఆడించి, ఇంతసేపూ నోరు మూసుకుని నిలబడ్డాను. గువ్వ సోమవారం వెళ్తుంది. ముందు ఆ మాట తేలాలి, మిగతా సంగతులు తర్వాత.”

పెద్దావిడ మనవరాలి వైపు తిరిగింది. లేచి వెళ్ళి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది, తనకా హక్కు ఉందో లేదో అన్నట్టు.

“వెళ్తుందిలే,” అంది గొణుగుతూ. “వెళ్ళక!”

మెకానిక్కు మాత్రం భార్యనే చూస్తున్నాడు. అతని మొహంలో రంగు దిగిపోయింది.

“ఎప్పుడు?” అన్నాడు.

“ఆ ఆదివారం అయ్యాక. మూడో రోజు.”

గువ్వ చటుక్కున లేచి, “టీ పెడతాను,” అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నె పెట్టిన చప్పుడు వినపడింది గానీ, పొయ్యి వెలిగించిన చప్పుడు వినపడలేదు.

“నాకు ఎందుకు చెప్పలేదు?”

“ఎప్పుడు చెప్పాలి?” ఇన్నాళ్ళుగా అణిచిపెట్టిన గొంతు ఒక్కసారి పైకి లేచింది. “పొద్దు గుంకగానే దిండు పట్టుకుని వెళ్ళిపోయారు. పొద్దున లేస్తే లిఫ్టులు. సాయంత్రం వస్తే నడుం నొప్పి. ఎవరికి చెప్పాలి, ఆ చెక్క మంచానికా?”

అతను తల దించుకున్నాడు.

అప్పుడు అత్తగారిలో ఏదో మారింది. చీర చెంగు నడుముకి దోపుకుని, కుర్చీ కోడలి ఎదురుగా లాక్కుని కూర్చుంది. గొంతులో కోపం లేదు, జాలీ లేదు. వార్డులో మంచం పక్కన నిలబడి అడిగే గొంతు అది. కళ్ళద్దాలమ్మ ఆ గొంతు ఐదేళ్ళ కిందట ఒకసారి విన్నది.

“డేటు దాటి ఎన్నాళ్ళయింది?”

“తొమ్మిది రోజులు.”

“మామూలుగా ఎప్పుడైనా తప్పుతుందా?”

“ఒకటి రెండు రోజులు. అంతే.”

“మాత్ర వేసుకున్నాక వాంతయిందా?”

“అయింది.”

“ఎంతసేపటికి?”

“రెండు గంటలకేమో. తక్కువేనేమో. బస్సులో ఉన్నాను, చూసుకోలేదు.”

“మళ్ళీ ఇంకోటి వేసుకున్నావా?”

“మళ్ళీ అంత దూరం వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదత్తయ్యా.”

పెద్దావిడ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. “పరీక్ష చేసుకున్నావా?”

“లేదు.”

“ఎందుకని?”

“చేసుకుంటే తెలిసిపోతుందని.”

వార్డులో ముప్పై ఏళ్ళూ ఆ జవాబు వింటూనే ఉన్నట్టుంది, ఆవిడ ఆశ్చర్యపోలేదు. తలూపి, మెల్లిగా కొడుకు వైపు తిరిగింది. అంతదాకా తల్లి కొడుకుని అలా చూడడం కళ్ళద్దాలమ్మ ఎరగదు.

“ఒరేయ్,” అంది ఆవిడ. “నువ్వు దీనికి చెప్పలేదా?”

“అమ్మా, ఊరుకో.”

“ఐదేళ్ళయిందిరా! చెప్పానన్నావు కదా నాతో?”

“ఏం చెప్పాలి?” అంది కళ్ళద్దాలమ్మ.

అతను లేచాడు. గోడకి తగిలించిన తాళాలు తీసుకున్నాడు, ఎటు వెళ్ళడానికో అతనికే తెలిసినట్టు లేదు. “పరీక్ష కిట్టు తెస్తాను,” అని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటపడ్డాడు.

“అత్తయ్యా, ఆయన నాకు ఏం చెప్పాలి?”

“వాడు చెప్పాలి. నేను కాదు.”

“మీరు చెప్పండి.”

“ఐదేళ్ళు వాడి మాట నమ్మి నోరు మూసుకున్నాను. ఇంకో పావుగంట ఆగలేనా?” అంది ఆవిడ. అని, కోడలి మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తోందో, ఊరికే పట్టుకుందో తెలీలేదు. వదల్లేదు.

*

అతను మూడు కిట్లు తెచ్చాడు.

“మూడెందుకురా?” అంది తల్లి.

“ఏది మంచిదో తెలీలేదు. మందుల దుకాణం ఆయన ఇంకెన్నో చూపించాడు.” అంత బాధలోనూ వంటింట్లోంచి గువ్వ ముక్కుతో నవ్విన చప్పుడు వచ్చి, వెంటనే ఆగిపోయింది.

కళ్ళద్దాలమ్మ ఒక పెట్టె తీసుకుని స్నానాలగది వైపు నడిచింది. అతను అడ్డంగా నిలబడ్డాడు.

“ముందు నా మాట విను.”

“వింటాను. చెప్పండి.”

“ఆ రోజు ఆస్పత్రిలో నీకింకా తెలివి రాలేదు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.” అతను మాటలు ఒక్కొక్కటీ తుప్పు పట్టిన మరలు విప్పినట్టు బయటికి తీస్తున్నాడు. “ఈసారికి తల్లిని దక్కించాం, ఇంకో కానుపు మాత్రం వద్దు అంది. ఇంకోసారి కడుపొస్తే నీ ప్రాణానికే ముప్పు అంది.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థం అయ్యాయి. నడుం నొప్పి. చెక్క మంచం. దాటని గుమ్మం. ఆ ఆదివారం సాయంత్రం తన మొహం చూడకుండా వెళ్ళిపోయిన మనిషి.

“అందుకా?” అంది. “ఐదేళ్ళూ అందుకా?”

“నీకు తెలివొచ్చాక మొదట అడిగింది, మళ్ళీ పిల్లలు పుడతారా అని. ఆ మొహం చూసి, పుట్టరని చెప్పలేకపోయాను. కొన్నాళ్ళాగి చెబుదామనుకున్నాను. ఆ కొన్నాళ్ళు ఎప్పుడూ అయిపోలేదు.”

“నడుం నొప్పి అబద్ధమా?”

“మొదట్లో అబద్ధమే. ఆ మంచం మీద పడుకున్నాక నిజంగానే వచ్చింది.”

ఇంకోరోజైతే ఆమె నవ్వేది. “నేను బిడ్డని చంపుకున్నానని మీరు నన్ను దగ్గరికి రానివ్వట్లేదనుకున్నాను,” అంది. “ఐదేళ్ళు, రోజూ, అదే అనుకుంటూ లేచాను.”

అతను గోడకి చెయ్యి ఆనించాడు.

“నేను చెప్పాను వాడికి,” అంది అత్తగారు, కుర్చీలోంచే. “నువ్వైనా ఆపరేషన్ చేయించుకోరా, అరగంట పని అని. చేయించుకుంటే ఎందుకని నువ్వు అడుగుతావని భయం వాడికి. నీకంతా చెప్పేశాను, జాగ్రత్తగానే ఉన్నాం అని నాతో అన్నాడు. నేను నమ్మాను. నిన్ను ఒక్కసారి కదిపి చూడాల్సింది. అది నా తప్పే.”

“బాగుంది,” అంది కళ్ళద్దాలమ్మ. “నా ఒంటి సంగతి నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.”

“నాకు తెలీదు,” అని వంటింట్లోంచి గువ్వ చిన్న గొంతు వినపడింది.

ఆమె భర్తని పక్కకి తప్పించి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

కాగితం మీద రాసినట్టే చేసింది. చుక్కలు వేసింది. ఐదు నిమిషాలు ఆగమని ఉంది. నీళ్ళ తొట్టి గట్టు మీద దాన్ని పెట్టి, గోడకి వీపు ఆనించి నిలబడింది. కుళాయి కారుతోంది. తలుపవతల ఎవరూ మాట్లాడట్లేదు, కానీ ముగ్గురూ అక్కడే ఉన్నారని తెలుస్తోంది. తలుపు కింది వెలుతురులో నీడలు కదులుతున్నాయి.

ఇందాకటి దాకా ఆమె భయం వేరు. సిగ్గు, వయసు, మళ్ళీ పోగొట్టుకోవడం. ఇప్పుడు ఆ భయం ఎంత చిన్నదో చూసి ఆమెకే వింతగా ఉంది. అంతలోనే, ఆ భయం అడుగున ఇంకేదో ఉందని కూడా తెలిసింది. తొమ్మిది రోజులుగా స్నానాలగదికి వెళ్ళి చూసుకుని ఏమీ లేదని తిరిగొచ్చినప్పుడల్లా గుండె దడతో పాటు, ఎక్కడో మూల, ఒక చిన్న వెచ్చదనం. దాన్ని ఇంతవరకూ తనకి కూడా చెప్పుకోలేదు.

ఐదు నిమిషాలయ్యాయి. ఇంకో నిమిషం ఆగింది.

చూసింది.

మొదటి గీత ఎర్రగా, స్పష్టంగా ఉంది. రెండోది పలచగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూసింది. కంటికి ఆననంత సన్నటి గాట్లు లెన్సుల మీద వెతికి పట్టుకునే కళ్ళు ఆమెవి. ఆ కళ్ళని ఆమె మోసం చెయ్యలేకపోయింది. పలచగా ఉన్నా, అది ఉంది.

దాన్ని కాగితంలో చుట్టి గుప్పిట్లో పెట్టుకుని, గడియ తీసింది.

ముగ్గురూ ఆమె మొహమే చూశారు. తర్వాత గుప్పిట చూశారు. గువ్వ ఒకడుగు ముందుకేసి ఆగిపోయింది.

“ఏమైంది?” అన్నాడు అతను.

“చెప్తాను,” అంది ఆమె. తన గొంతు అంత నిబ్బరంగా ఎలా ఉందో తెలీలేదు. “ముందు మీరు చెప్పండి. ఆ రోజు వరండాలో డాక్టరమ్మ ఏమంది? నాకు నొప్పి కలుగుతుందని ఒక్క ముక్క కూడా దాచకుండా, ఆవిడ ఎలా అంటే అలా.”

“చెప్పాను కదా.”

“అంతేనా?”

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ కనుబొమ్మలు ముడుచుకున్నాయి. ‘అంతే కదా’ అన్నట్టు ఆవిడ కూడా కొడుకుని చూసింది. అతను చూపు తప్పించాడు.

“ఆవిడ రెండు మాటలంది,” అన్నాడు. “ఒకటి ఇందాక చెప్పాను. రెండోది అమ్మకి కూడా తెలీదు.”

పెద్దావిడ కుర్చీ చేతుల మీద బలంగా ఆని లేచి నిలబడింది. “ఏంట్రా అది?”

అతను తల్లికి జవాబివ్వలేదు. ఐదేళ్ళలో మొదటిసారి భార్య కళ్ళలోకి సూటిగా చూశాడు.

“నీ చేతిలో ఉన్నది కడుపు లేదంటే, ఆ రెండో మాట నీకు ఎప్పటికీ తెలియాల్సిన పనిలేదు,” అన్నాడు. “ఉందంటే ఇప్పుడే చెప్పాలి. ముందు నువ్వు చెప్పు. ఉందా, లేదా?”

కళ్ళద్దాలమ్మ గుప్పిట తెరవలేదు.

“నాకు తెలియాల్సిందేదో, అక్కర్లేనిదేదో ఇంక మీరు తేల్చకండి,” అంది. “మీరే ముందు.”